పెట్టుకున్న డిఫాల్ట్‌ని పాటించమనడమే మొదటి రూలు కావాలి

విండోస్ 11 కంప్యూటర్‌లో సీ డ్రైవ్ తెరిచి, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32కి వెళ్తే ‘ఇంటిగ్రేటెడ్‌సర్వీసెస్‌రీజియన్‌పాలసీసెట్’ అనే పొడుగాటి పేరుతో ఒక జేసన్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌తో తెరిచి చదవొచ్చు. అందులో మొట్టమొదటి అంశం మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయనివ్వడం గురించి. మామూలుగా దాని స్థితి ‘డిసేబుల్డ్’. ఆ కిందే ఏయే దేశాల్లో ‘ఎనేబుల్డ్’ అన్నది రెండక్షరాల కోడ్‌లతో వరసగా రాసి ఉంటుంది: ఏటీ అంటే ఆస్ట్రియా, బీఈ అంటే బెల్జియం, బీజీ అంటే బల్గేరియా... దాదాపు అన్నీ యూరోపియన్ ఎకనామిక్ ఏరియాకి చెందినవే. ఇండియా కోడ్ ఐఎన్ లేదు.

హైదరాబాద్‌లో అమ్మిన ల్యాప్‌టాప్‌లోనూ బెర్లిన్‌లో అమ్మిన ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నది ఒకటే విండోస్. అక్కడ ఎడ్జ్‌ని తీసేయొచ్చు, ఇక్కడ కుదరదు. తేడా అంతా ఆ జాబితాలోనే ఉంది. మొదటిసారి సెటప్ చేసేటప్పుడు ఏ దేశం ఎంచుకున్నారన్నదే లెక్కలోకి వస్తుంది. తర్వాత సెట్టింగ్స్‌లో దేశం మార్చినా ఫలితం ఉండదు, కంప్యూటర్‌ని మొత్తం రీసెట్ చేయాల్సిందే. ఇదంతా యూరప్ తెచ్చిన డిజిటల్ మార్కెట్స్ చట్టం, అంటే డీఎంఏ, 2024 మార్చి 7 నుంచి పెద్ద కంపెనీలకు వర్తించడంతో జరిగిన మార్పు.

ఆపరేటింగ్ సిస్టమ్‌తో బ్రౌజర్‌ని అంటగట్టడం మీద పాతికేళ్లకు పైగా కేసులు నడిచాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సిస్టమ్‌తో పాటు ఒక బ్రౌజర్ రావడాన్ని తప్పుగా చూడక్కర్లేదు. మనం వేరే బ్రౌజర్‌ని డిఫాల్ట్‌గా, అంటే లింకు నొక్కితే తెరుచుకునేదిగా, ఎంచుకున్నాక సిస్టమ్ ఆ మాట వింటోందా లేదా అన్నది చూడాలి, నిబంధన ముందుగా పడాల్సింది అక్కడే. ఏ బ్రౌజర్ కావాలో అడిగే చాయిస్ స్క్రీన్లు, వేల కోట్ల జరిమానాలు దాని తర్వాత రావాలి. మన దేశంలో ఈ వరస తారుమారైంది.

విడదీయలేమన్న వాదన

1998 మే 18న అమెరికా న్యాయశాఖ, దానితో పాటు 20 రాష్ట్రాలు మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసినప్పుడు కంపెనీ ప్రధాన వాదన ఒకటే: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విండోస్‌లో భాగం, విడదీస్తే విండోస్ దెబ్బతింటుంది. ఇందులో సగం నిజం ఉంది. బ్రౌజర్ అని మనం పిలిచేదాంట్లో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. వెబ్ పేజీని చదివి తెరమీద గీసే ఇంజిన్ ఒకటి, అప్పట్లో దాని ఫైలు పేరు ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్.డీఎల్ఎల్. ఆ ఇంజిన్‌కి అడ్రస్ బార్, బుక్‌మార్కులు, బ్యాక్ బటన్ తగిలించిన కిటికీ రెండోది, ఐఎక్స్‌ప్లోర్.ఈఎక్స్‌ఈ. విండోస్ 98లో హెల్ప్ పేజీలు, ఫోల్డర్ల చూపు ఇంజిన్ మీద ఆధారపడ్డాయి. కిటికీ మీద ఏదీ ఆధారపడలేదు.

ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టన్ ఈ తేడాని పట్టుకుని, బ్రౌజర్‌గా వాడే వీలు లేకుండా చేసి మిగతా విండోస్‌ని నడిపించే ఒక ప్రోగ్రామ్ రాసి కోర్టుకి చూపించారు. దాన్ని నడిపితే విండోస్ నెమ్మదిస్తుందని నిరూపించడానికి 1999 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక వీడియో వేసింది. ప్రభుత్వం తరఫు లాయరు డేవిడ్ బోయిస్ ఆ వీడియోలో కిటికీ పైనున్న టైటిల్ బార్‌ని చూపించి, ఒక దృశ్యానికీ ఇంకో దృశ్యానికీ అది మారిపోతోందని, ఫెల్టన్ ప్రోగ్రామ్ నడిచిన యంత్రం అలా ఉండదని నిలదీశారు. వేర్వేరు కంప్యూటర్ల మీద తీసిన ముక్కలు అతికించారని తేలింది. కేసులో వేల పేజీల పత్రాలున్నాయి, కానీ సాక్ష్యం విలువని కుంగదీసింది తెరమీద ఒక్క వరస అక్షరాలు.

2001 జూన్ 28న అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పులో ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది కంపెనీని రెండు ముక్కలు చేయమన్న కింది కోర్టు ఆదేశం కొట్టివేత. నాకు ముఖ్యంగా కనిపించేది వేరే భాగం. విండోస్‌లో బ్రౌజర్‌ని కలిపిన తీరు మీద మూడు ఆరోపణలు కోర్టు ముందున్నాయి. యాడ్/రిమూవ్ ప్రోగ్రామ్స్ జాబితాలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేరు లేకుండా చేయడం ఒకటి. బ్రౌజర్ కోడ్‌నీ సిస్టమ్ కోడ్‌నీ ఒకే ఫైళ్లలో కలిపేయడం రెండోది. వాడేవాళ్లు నెట్‌స్కేప్ అనే పోటీ బ్రౌజర్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకున్నా కొన్ని సందర్భాల్లో సిస్టమ్ దాన్ని పక్కనపెట్టి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే తెరవడం మూడోది. మొదటి రెండూ తప్పేనని కోర్టు తేల్చింది. మూడోదానికి సాంకేతిక కారణాలున్నాయన్న మైక్రోసాఫ్ట్ వివరణని ప్రభుత్వం తిప్పికొట్టలేకపోయింది, అందుకని వదిలేసింది. హెల్ప్ పేజీలకీ విండోస్ అప్‌డేట్‌కీ యాక్టివ్‌ఎక్స్ (వెబ్ పేజీలోంచి చిన్న ప్రోగ్రాముల్ని నడిపే మైక్రోసాఫ్ట్ పద్ధతి) కావాలి, నెట్‌స్కేప్‌లో అది లేదు. ఆ వివరణ అప్పటికి సబబే.

కానీ ఆ రోజు వదిలేసిన మూడోదే ఇవాళ్టికీ మనల్ని వదల్లేదు.

డిఫాల్ట్ మార్చాక ఏం జరుగుతుంది

సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అక్కడ ఫైర్‌ఫాక్స్ ఎంచుకుని ‘సెట్ డిఫాల్ట్’ నొక్కుతాం. పని అయిపోయిందనుకుంటాం. ఇప్పుడు స్టార్ట్ నొక్కి ఏదో ఒక మాట టైప్ చేసి ఎంటర్ కొడితే బింగ్ ఫలితాలు ఎడ్జ్‌లో తెరుచుకుంటాయి. విడ్జెట్స్‌లో వార్త నొక్కినా ఎడ్జే. ఈ లింకులు మామూలు హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవవు, ‘మైక్రోసాఫ్ట్-ఎడ్జ్’ అనే ప్రత్యేక ముందుమాటతో మొదలవుతాయి. డిఫాల్ట్ బ్రౌజర్ అన్న సెట్టింగ్‌కి ఆ ముందుమాట మీద అధికారం లేదు. వీటిని పట్టుకుని మనకు నచ్చిన బ్రౌజర్‌కి మళ్లించే ఎడ్జ్‌డిఫ్లెక్టర్ అనే చిన్న టూల్ ఉండేది, 2021 చివర్లో విండోస్ దాని దారి మూసేసింది. యూరప్‌లో మాత్రం ఇప్పుడు ఇవే లింకులు వాడేవాళ్లు పెట్టుకున్న బ్రౌజర్‌కి వెళ్తాయి.

విండోస్ 11 మొదట విడుదలైనప్పుడు ఇంకా కష్టంగా ఉండేది. బ్రౌజర్ మార్చాలంటే .హెచ్‌టీఎం, .హెచ్‌టీఎంఎల్, .పీడీఎఫ్, .ఎస్‌వీజీ, .వెబ్‌పీ, ఎఫ్‌టీపీ, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్... ఇలా ఒక్కోదానికీ విడిగా మార్చుకోవాలి. విమర్శలు పెరిగాక 2022 మార్చిలో ఒక్క బటన్ వచ్చింది. ఆ బటన్ కూడా పీడీఎఫ్‌ని కదిలించలేదు. 2025లో యూరప్ కోసం ఆ బటన్ పరిధిని పీడీఎఫ్, ఎస్‌వీజీల దాకా పెంచుతామని, ఎడ్జ్‌ని తెరవనంతకాలం ‘డిఫాల్ట్‌గా పెట్టుకోండి’ అని అడగబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

ఇక్కడ కంపెనీ వైపు న్యాయం కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్లతో పాటు వచ్చే టూల్‌బార్లు చెప్పాపెట్టకుండా బ్రౌజర్‌నీ సెర్చ్‌నీ మార్చేసేవి. దాన్ని ఆపడానికి విండోస్ 8 నుంచి డిఫాల్ట్ యాప్ పేరు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, ‘యూజర్‌చాయిస్’ అనే కీలో ఉంటూ, పక్కనే ఒక హాష్ విలువ ఉంటుంది. యూజర్ గుర్తింపు, ఫైలు రకం, మార్పు జరిగిన సమయం వగైరా కలిపి లెక్కకట్టే సంఖ్య అది. లెక్క కుదరకపోతే ఎవరో దొంగదారిలో మార్చారని భావించి విండోస్ ఆ సెట్టింగ్‌ని తిరగ్గొడుతుంది. 2024లో ఈ కీలకి కాపలాగా ఒక డ్రైవర్‌ని కూడా పెట్టారు. ఉద్దేశం మంచిదే. 2021లో మొజిల్లా ఆ హాష్ లెక్కని ఛేదించి ఫైర్‌ఫాక్స్ లోపలి నుంచే ఒక్క నొక్కుతో డిఫాల్ట్ మారేలా చేసింది. అదే దారిలో రేపు మాల్‌వేర్ కూడా రావచ్చు, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. నా అభ్యంతరం తాళం గురించి కాదు. వీధిలో అందరికీ ఒకే తాళం వేసి ఇంటివాళ్లు మాత్రం పెరటి తలుపు తెరిచి ఉంచుకోవడం గురించి. మైక్రోసాఫ్ట్-ఎడ్జ్ లింకులు ఆ పెరటి తలుపు.

2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్ల పాత బ్రౌజర్ ఎంపిక పోతోందని మొజిల్లా అధిపతి క్రిస్ బియర్డ్ సత్య నాదెళ్లకి బహిరంగ లేఖ రాశారు. నాదెళ్ల మన హైదరాబాద్ వారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆయన కంపెనీ యూరప్ వాళ్లకి ఇచ్చిన ఈ మర్యాదని మనకీ ఇమ్మని అడగడానికి అది అడ్డం కాకూడదు.

చాయిస్ స్క్రీన్ మీద నా అనుమానాలు

యూరప్ మొదట పట్టుకున్నది ఈ దారిని కాదు. 2007 డిసెంబరులో ఒపెరా అనే బ్రౌజర్ కంపెనీ మైక్రోసాఫ్ట్ మీద యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. బ్రౌజర్ లేని ‘విండోస్ 7 ఈ’ ఇస్తామని 2009లో మైక్రోసాఫ్ట్ అంది. బ్రౌజర్ లేని కంప్యూటర్‌తో బ్రౌజర్ డౌన్‌లోడ్ చేసుకోవడం ఎలా అన్న ప్రశ్నకి జనానికి జవాబు లేదు, కంప్యూటర్ తయారీదారులు ఏది పెడితే అది వాడుకోవాలి. ఆ ఆలోచన వదిలేసి, 2009 డిసెంబరు 16న చాయిస్ స్క్రీన్‌కి ఒప్పుకున్నారు. 12 బ్రౌజర్లు, ముందు పెద్ద అయిదు, పక్కకి జరిపితే మిగిలిన ఏడు. చాలామందికి అలా జరపొచ్చని కూడా తెలియడం లేదని ఆ ఏడింటి తయారీదారులు మొరపెట్టుకున్నారు.

వరసలో మొదట ఎవరుండాలన్న తగాదా రాకుండా అయిదింటినీ ప్రతిసారీ కలగాపులగం చేసి చూపాలన్నారు. 2010లో ఆ పేజీ వచ్చిన కొద్దిరోజులకే ఐబీఎంలో పనిచేసే రాబ్ వైర్ దాని కోడ్ చదివారు. జావాస్క్రిప్ట్‌లోని సార్ట్ ఫంక్షన్‌కి, రెండు వస్తువుల్లో ఏది ముందన్న ప్రశ్నకి ప్రతిసారీ బొమ్మా బొరుసూ వేసి జవాబిచ్చే ఫంక్షన్‌ని తగిలించారు. చూడ్డానికి సరిగ్గానే అనిపిస్తుంది. కానీ సార్ట్ పద్ధతులన్నీ ఒక నమ్మకం మీద నడుస్తాయి: ‘అ’ కంటే ‘ఆ’ ముందని ఒకసారి చెప్తే మళ్లీ అడిగినా అదే చెప్పాలి. జవాబు మారుతూ ఉంటే ఫలితం సమానంగా పంపిణీ కాదు, ఏ పద్ధతిలో సార్ట్ చేస్తున్నారన్నదాన్ని బట్టి ఒకవైపు మొగ్గుతుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ పేజీ తెరిస్తే, దాదాపు సగం సార్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే చివరి స్థానంలో తేలింది. సరైన పద్ధతికి మూలం 1938 నాటి ఫిషర్, యేట్స్ పుస్తకంలోనే ఉంది, దాని ఇప్పటి రూపం ఇది: చివరి నుంచి మొదలుపెట్టి, ఒక్కో స్థానాన్నీ దానితో కలిపి ఇంకా మిగిలిన స్థానాల్లో యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒకదానితో మార్చుకుంటూ పోవడం. కొద్దిరోజుల్లో సరిచేశారు. ఇందులో కుట్ర ఏమీ లేదు, నష్టపోయింది మైక్రోసాఫ్టే. కానీ రెండేళ్ల చర్చల తర్వాత వచ్చిన ఒప్పందంలో అతి ముఖ్యమైన ఒక్క లైనుని విడుదలకి ముందు ఎవరూ పరీక్షించలేదు.

దీనికంటే పెద్ద పొరపాటు మరుసటి ఏడాది జరిగింది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1లో ఆ స్క్రీన్ చూపించే భాగం జారిపోయింది. 2011 మే నుంచి 2012 జులై దాకా, 14 నెలలు, దాదాపు కోటిన్నర మందికి ఆ స్క్రీన్ రాలేదు. 2013 మార్చి 6న కమిషన్ 56.1 కోట్ల యూరోల జరిమానా వేసింది. జరిమానా పెద్దదే, కానీ 14 నెలల పాటు నియంత్రణ సంస్థ దగ్గర ఒక కొత్త కంప్యూటర్ కొని ఆన్ చేసి చూసినవాళ్లే లేరు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2024లో ఆపిల్ ఐఓఎస్ 17.4తో యూరప్‌లో పెట్టిన చాయిస్ స్క్రీన్‌కీ ఇలాంటి తిప్పలే. సఫారీని నొక్కినప్పుడు మాత్రమే అది కనిపించేది. బ్రౌజర్ల పేర్లు తప్ప వివరాలు తక్కువ. వేరేది ఎంచుకున్నా కింద డాక్‌లో సఫారీ గుర్తు ఎక్కడిదక్కడే ఉండేది, అలవాటైన వేలు మళ్లీ అక్కడికే పోతుంది. కమిషన్ ఒత్తిడి తర్వాత ఐఓఎస్ 18.2లో జాబితా చివరిదాకా జరిపితేనే ఎంచుకునే వీలిచ్చి, వివరాలు చేర్చి, డాక్‌లో సఫారీ స్థానంలో ఎంచుకున్న బ్రౌజర్ గుర్తు వచ్చేలా మార్చారు. ఎప్పుడు చూపాలి, ఎంత సమాచారం ఇవ్వాలి, తర్వాత గుర్తులు ఎక్కడ పెట్టాలి: ఫలితం ఈ చిన్న విషయాల్లోనే తేలిపోతుంది.

అయినా చాయిస్ స్క్రీన్ దండగ అనలేను. రష్యాలో 2017లో గూగుల్‌తో కుదిరిన రాజీ తర్వాత ఆండ్రాయిడ్ క్రోమ్‌లో సెర్చ్ ఎంపిక తెర వచ్చింది, అక్కడి సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ వాటా కళ్లకు కనిపించేంత పెరిగింది. అక్కడ జనానికి ముందే తెలిసిన, వాళ్ల భాషలో బాగా పనిచేసే ప్రత్యామ్నాయం ఉంది. పేర్లే తెలియని పన్నెండు గుర్తులు చూపిస్తే జనం తెలిసిన గుర్తునే నొక్కుతారు.

నా వాదనకి అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇక్కడే ఉంది: డిఫాల్ట్ మార్చుకునేవాళ్లే తక్కువైతే, మార్చినవాళ్ల మాట వినమనే రూలు ఎంతమందికి పనికొస్తుంది? అమెరికాలో గూగుల్ సెర్చ్ కేసులో 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పులో దీనికి లెక్కలున్నాయి. ఎడ్జ్‌లో జరిగే సెర్చ్‌లలో దాదాపు 80 శాతం బింగ్‌వి, ఎందుకంటే అక్కడ అది డిఫాల్ట్. 2021లో డిఫాల్ట్ స్థానాల కోసం గూగుల్ చెల్లించింది 2,630 కోట్ల డాలర్లు. ఆ స్థానానికి బలం లేకపోతే ఎవరూ అంత పెట్టరు. కాబట్టి సెర్చ్ విషయంలో అడగడమే సరైన మందు అని ఒప్పుకుంటాను. బ్రౌజర్ విషయంలో మాత్రం పరిస్థితి కొంచెం వేరు. విండోస్ వాడేవాళ్లలో చాలామంది ఎడ్జ్‌ని దాటి క్రోమ్‌కి వెళ్లారు, కారణం కనబడితే జనం కదులుతారు. అలా కదిలినవాళ్లని వెనక్కి లాగే పనుల్ని ఆపడం అన్నిటికంటే తేలిక, పరీక్షించడం ఇంకా తేలిక.

మన దగ్గర ఏమైంది

మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కి రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. అందరూ జరిమానా గురించే మాట్లాడుకున్నారు. నేనైతే ఆదేశాల్ని చూడమంటాను. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల మూట మొత్తం పెట్టాలన్న షరతు ద్వారా, మొబైల్ బ్రౌజర్ల మార్కెట్‌లో క్రోమ్‌కి గూగుల్ అన్యాయమైన బలం చేకూర్చిందని కమిషన్ తేల్చింది. మందులు మాత్రం ఇలా ఉన్నాయి: ఫోన్ తయారీదారుల్ని మూట పెట్టమని బలవంతం చేయొద్దు, ముందే వేసిన యాప్‌లని జనం తీసేసుకోనివ్వాలి, ఫోన్ మొదటిసారి పెట్టుకునేటప్పుడు సెర్చ్ ఇంజిన్ ఎంచుకోనివ్వాలి. బ్రౌజర్ గురించి అడిగే స్క్రీన్ లేదు. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాని సమర్థించి, పది ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. యాప్‌లని తీసేయనివ్వాలన్నది ఆ నాలుగింట్లో ఒకటి. దాంతో బ్రౌజర్ వాడే మనిషి చేతికి నేరుగా దక్కింది దాదాపు ఏమీ లేకుండా పోయింది.

తీసేయడం ఎందుకు కష్టమంటారో ఫోన్‌లో చూస్తే తెలుస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ గుర్తుని నొక్కిపట్టి యాప్ ఇన్ఫోకి వెళ్తే ‘అన్‌ఇన్‌స్టాల్’ ఉండదు, ‘డిసేబుల్’ ఉంటుంది. క్రోమ్ అసలు ప్రతి సిస్టమ్ పార్టిషన్‌లో ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఫోన్ ఆ పార్టిషన్‌ని సంతకంతో సరిచూసుకుంటుంది కాబట్టి దాన్ని చదవడమే తప్ప మార్చే వీల్లేదు. డిసేబుల్ చేస్తే అప్‌డేట్లు ఆక్రమించిన చోటు తిరిగొస్తుంది, అసలు ప్రతి అలాగే ఉంటుంది. భద్రత కోసం పెట్టిన ఏర్పాటు ఇది, దాన్ని తప్పుపట్టను. అయితే అవే ఫోన్లలో తయారీదారులు డబ్బులు తీసుకుని వేసే షాపింగ్ యాప్‌లు, ఆటలు చక్కగా అన్‌ఇన్‌స్టాల్ అవుతాయి, వాటిని సిస్టమ్‌లో భాగంగా లాక్ చేయరు కాబట్టి. బ్రౌజర్‌ని కూడా అలాగే పెట్టొచ్చు. ఇతర యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ ఇంజిన్ ఇప్పుడు విడి ప్యాకేజీ. ఆండ్రాయిడ్ 7 నుంచి 9 దాకా ఆ పని క్రోమే చేసేది, 10 నుంచి రెండూ ఒక ఉమ్మడి లైబ్రరీని పంచుకుంటూ విడివిడిగా ఉంటున్నాయి. 1998లో ఇంజిన్‌కీ కిటికీకీ ఉన్న తేడాయే ఇది. యూరప్‌లో ఎడ్జ్‌ని తీసేసినా విండోస్‌లో ఇదే పని చేసే వెబ్‌వ్యూ2 మిగిలే ఉంటుంది, యాప్‌లు మామూలుగా నడుస్తాయి.

ముందే వేసినంత మాత్రాన గెలుపు ఖాయం కాదని మన దేశమే చూపించిందని కొందరంటారు. నిజమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ ఉండగానే మన దగ్గర కొన్నేళ్లు యూసీ బ్రౌజర్ మొదటి స్థానంలో నిలిచింది. 2జీలో పేజీని సర్వర్ దగ్గరే కుదించి పంపేది, రీచార్జ్ డబ్బులు మిగిలేవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఆ కారణం కరిగిపోయింది, 2020 జూన్‌లో నిషేధంతో ఆ బ్రౌజరే పోయింది. బలమైన కారణం ఉంటే డిఫాల్ట్‌ని దాటొచ్చన్నది ఇందులో ఒప్పుకోవాల్సిన సంగతి. కానీ గోప్యతో, తెలుగు అక్షరాల అందమో, టైపింగ్ సౌకర్యమో లాంటి చిన్న మెరుగుదలతో వచ్చే బ్రౌజర్‌కి ఆ పాటి ఊపు దొరకదు. కేంద్ర ప్రభుత్వ పోటీలో 2025లో కోటి రూపాయల మొదటి బహుమతి గెలిచిన జోహో కంపెనీ బ్రౌజర్ ‘ఉలా’ని తీసుకుంటే, వాళ్లకి బహుమతి కంటే ఎక్కువ పనికొచ్చేది ఉలాని డిఫాల్ట్‌గా పెట్టుకున్నవాళ్లు ఉలాలోనే ఉండిపోయేలా చూసే రూలు.

ఒకే బ్రౌజర్ రాజ్యమేలితే తెలుగువాళ్లకి ఏమవుతుందో మనం ఒకసారి అనుభవించాం. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 తర్వాత ఏడో వెర్షన్ రావడానికి అయిదేళ్లు పట్టింది. ఆ కాలంలో తెలుగు దినపత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లని, యూనికోడ్ కాని వాటిని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి దించుకునే పద్ధతిలో వాడాయి. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపించేవి. మొజిల్లా కోసం ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాసి, ఆ ఫాంట్ల అక్షరాల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించాల్సి వచ్చింది. ఆ పత్రికల్లో అచ్చయిన ఎన్నో వ్యాసాలు సెర్చ్‌కి దొరకకుండా పోవడానికి ఆ ఏళ్లు ఒక కారణం. డిజిటల్ సంతకంతో పనిచేసే ప్రభుత్వ పోర్టళ్లలో చాలావరకు యాక్టివ్‌ఎక్స్ కోసం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే అడిగేవి. దక్షిణ కొరియాలో బ్యాంకింగ్ మొత్తం ఇలాగే యాక్టివ్‌ఎక్స్‌కి కట్టుబడి, విడిపించుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

ఇంకో అనుమానం మిగిలింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, వివాల్డీ, శామ్‌సంగ్ ఇంటర్నెట్, ఉలా, అన్నీ క్రోమియం, అంటే క్రోమ్‌కి పునాది అయిన గూగుల్ ఓపెన్ సోర్స్ కోడ్, మీద కట్టినవే. కిటికీ మారుతుంది, ఇంజిన్ మారదు. ఐఫోన్‌లో యూరప్, జపాన్ చట్టాలు దారి తెరిచిన చోట్ల తప్ప, ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఆపిల్ ఇంజిన్ వెబ్‌కిట్టే. చెప్పుకోదగ్గ మూడో ఇంజిన్ ఫైర్‌ఫాక్స్‌ది. ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో దాదాపు 85 శాతం గూగుల్ నుంచే వస్తుందని మొజిల్లా ఆర్థికాధికారి 2025లో కోర్టులో చెప్పారు. డిఫాల్ట్ చెల్లింపుల్ని పూర్తిగా ఆపేస్తే ముందు చచ్చేది ఆ మూడో ఇంజినే కావచ్చు. 2025 సెప్టెంబరు 2న మెహతా ప్రత్యేక ఒప్పందాల్ని నిషేధించి చెల్లింపుల్ని ఉండనివ్వడం ఈ ఒక్క కారణానికి నాకు సబబుగానే తోస్తుంది. ఇంజిన్ల సమస్య డిఫాల్ట్ రూలుతో తీరదు. డిఫాల్ట్ రూలు లేకపోతే మాత్రం కొత్త ఇంజిన్ రాసేవాళ్లకి నిలబడే చోటు కూడా ఉండదు.

రూలు ఎలా రాయాలి

2024 మార్చిలో బయటికొచ్చిన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాలో ఆపరేటింగ్ సిస్టమ్‌లూ వెబ్ బ్రౌజర్లూ రెండూ ‘కోర్ డిజిటల్ సర్వీసుల’ జాబితాలో ఉన్నాయి. అందులో బాధ్యతని బ్రౌజర్ మీద కాకుండా ఆపరేటింగ్ సిస్టమ్ మీద పెట్టాలి. యూరప్ అనుభవం ఇందుకు పనికొస్తుంది: 2024 ఫిబ్రవరిలో ఎడ్జ్‌ని గేట్‌కీపర్ జాబితాలో, అంటే డీఎంఏ నిబంధనలు వర్తించే సేవల జాబితాలో, చేర్చనక్కర్లేదని కమిషన్ నిర్ణయించింది, అయినా విండోస్ జాబితాలో ఉంది కాబట్టి ఎడ్జ్‌ని తీసేయనిచ్చే బాధ్యత విండోస్‌కి తప్పలేదు.

పరీక్షకి కావాల్సినవి ఒక కొత్త ల్యాప్‌టాప్, ఒక కొత్త ఫోన్, వేరే బ్రౌజర్. సెటప్‌లో దేశం ఇండియా. డిఫాల్ట్ మార్చాక లింకులు వచ్చే చోట్లన్నీ ఒక్కొక్కటే నొక్కి ఏ బ్రౌజర్ తెరుచుకుందో రాసుకోవాలి: మెయిల్, చాట్, పీడీఎఫ్ లోపలి లింకు, స్టార్ట్ మెనూ సెర్చ్, విడ్జెట్స్, లాక్ స్క్రీన్, హెల్ప్ పేజీలు, సెట్టింగ్స్‌లోని ‘ఇంకా తెలుసుకోండి’ లింకులు. సోషల్ మీడియా యాప్‌లు తమ లోపలే పేజీ తెరుస్తాయి, దాన్ని వేరుగా గుర్తించాలి, ఎందుకంటే ఆ తప్పు సిస్టమ్‌ది కాకపోవచ్చు. తర్వాత పెద్ద అప్‌డేట్ ఒకటి ఎక్కించి మళ్లీ మొదటి నుంచి చూడాలి. డిఫాల్ట్‌లు తారుమారయ్యేది ఎక్కువగా అప్‌డేట్ల తర్వాతే, సర్వీస్ ప్యాక్ 1 పొరపాటు బయటపడాల్సిందీ ఈ దశలోనే. నెలపాటు వాడుతూ ‘మా బ్రౌజర్‌కి తిరిగి రండి’ అని ఎన్నిసార్లు అడిగిందో లెక్కపెట్టాలి. చివరగా ముందే వచ్చిన బ్రౌజర్‌ని తీసేసి, బ్యాంకు యాప్, వెబ్‌వ్యూ మీద నడిచే యాప్‌లు పనిచేస్తున్నాయేమో చూడాలి.

ఈ పనికి కాంపిటీషన్ కమిషన్‌లో లాయర్లూ ఆర్థికవేత్తలూ సరిపోరు. ప్రభుత్వ వెబ్‌సైట్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఎస్‌టీక్యూసీ ల్యాబులు ఇప్పటికే ఐటీ మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి, ఆ పని వాళ్లకి అప్పగించొచ్చు. ప్రతి పెద్ద వెర్షన్ వచ్చిన నెలలోపు పరీక్ష జరగాలి, ఫలితం బయటపెట్టాలి, ఏ లింకు ఏ బ్రౌజర్‌లో తెరుచుకుందో ఆ పట్టిక ఎవరైనా తమ ఇంట్లో చేసి సరిచూసుకునేలా ఉండాలి.